తేదీ దాటింది, నేల వేడెక్కలేదు: చల్లటి వసంతంలో టమాట నారు మీద ఒక కేస్ స్టడీ

నారు పెంచడం, పెరటి తోటలు చూసిపెట్టడం నా పని. వసంతం చల్లగా సాగే ఏడాది నాకొచ్చే ఫోన్లలో ఎక్కువగా వినపడే ప్రశ్న ఒకటే: "టమాట మొక్కలు బయట పెట్టేయొచ్చా?" అడిగేవాళ్లు అప్పటికే మనసులో పెట్టేసి ఉంటారు, మన నోటి నుంచి "ఊఁ" అనిపించుకోవడమే మిగిలి ఉంటుంది. ఈ కేసులో నేను వెంటనే "ఊఁ" అనలేదు. ఎందుకు అనలేదో, ఆగిన రోజుల్లో ఏం చేశామో, చివరికి ఏ మొక్క ఎలా నిలబడిందో రాస్తున్నాను.

తోట, నారు

తోట ఒక పెద్దవయసు దంపతులది. ఆంటీ, అంకుల్ అని పిలుస్తాను. ఇంటి వెనక కొంచెం వాలుగా ఉన్న స్థలం. టమాటకి మూడు చోట్లు అనుకున్నారు. గోడ పక్కన ఇటుకలతో కట్టిన ఎత్తు మడి ఒకటి. అందులో మట్టికి ఇసుక పాలు ఎక్కువ, రోజులో చాలాసేపు ఎండ తగులుతుంది. వాలు అడుగున పల్లపు మడి ఇంకొకటి. అది బంకమట్టి, చలికాలపు తడి ఇంకా ఆరలేదు, పైన మందంగా ఎండుగడ్డి కప్పి ఉంది. ఇవి కాక మెట్ల దగ్గర నాలుగైదు పెద్ద కుండీలు.

నారుకి దాదాపు ఎనిమిది వారాల వయసు. చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో, కిటికీ గట్టు మీద ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరుగుతున్నాయి. వెలుతురు ఒక్క వైపు నుంచే వస్తుండటంతో అన్నీ అటే వంగాయి. కాండం సన్నగా సాగింది, కణుపుకీ కణుపుకీ మధ్య దూరం ఎక్కువ. కప్పుల అడుగు రంధ్రాల్లోంచి వేర్లు బయటికొచ్చి ట్రేలో పాకుతున్నాయి. పొట్టిగా గుబురుగా పెరిగే రకాల్లో రెండు మూడింటికి అప్పుడే మొదటి పూలగుత్తి కనపడుతోంది.

బయట చూస్తే మధ్యాహ్నం 18 డిగ్రీల దాకా వెళ్తోంది, ఎండ బాగానే కాస్తోంది. రాత్రికి 5, 6 డిగ్రీలకి పడిపోతోంది. ఆ ప్రాంతానికి చెప్పే సగటు చివరి మంచు తేదీ, అంటే వసంతంలో ఆఖరిసారి నేల మీద మంచు గడ్డకట్టే రోజుకి వేసిన సగటు లెక్క, దాటి వారం గడిచింది.

"తేదీ దాటిపోయింది కదమ్మా, ఇంకా దేనికి భయం?" అన్నారు అంకుల్. ఆయన దగ్గర గోడ క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టూ గీసిన ఎర్ర సున్నా ఉంది. ఆంటీ బాధ వేరు. "ఇంట్లో ఇంకో వారం ఉంచితే ఇవి బతకవమ్మా. పక్కవాళ్లు ఎప్పుడో నాటేశారు." ఇద్దరి కారణాలూ వేరు, కోరిక మాత్రం ఒకటే. ఆ కోరిక ఆపుకోలేక అప్పటికే నాలుగు మొక్కలు పల్లపు మడిలో నాటి చూశారు కూడా. ఈ కేసులో అసలు సాక్ష్యం ఆ నాలుగే.

పల్లపు మడిలో నాలుగు మొక్కలు

దూరం నుంచి చూస్తే బాగానే ఉన్నట్టు అనిపించాయి. చావలేదు, మాడలేదు. దగ్గర కూర్చుని ఆకు తిప్పి చూస్తే సంగతి తెలిసింది. ఆకు అడుగున ఈనెల వెంట ముదురు ఊదా రంగు. కాండం కింది భాగం కూడా ఊదాగా తిరిగింది. ఆకులు బిరుసుగా, అంచులు పైకి ముడుచుకుని ఉన్నాయి. చిగురు దగ్గర ముడుచుకున్న చిన్న ఆకు నాటినప్పుడు ఎంత ఉందో ఇంచుమించు అంతే ఉంది. మధ్యాహ్నం ఎండలో నాలుగూ వాడి తలలు వాల్చాయి. మట్టి పిడికిట్లో పడితే నీళ్లు కారేంత తడిగా ఉంది, అయినా వాడాయి.

ఆంటీ వెంటనే నీళ్ల డబ్బా అందుకోబోయారు. "ఆగండి ఆంటీ, దీనికి దాహం కాదు" అని ఒక మొక్కని చేతి పారతో చుట్టూ వదులు చేసి పైకి తీశాను. వేరుముద్ద కప్పు ఆకారంలోనే, అచ్చులోంచి తీసిన ఇటుకలా వచ్చింది. కప్పు గోడల వెంట చుట్టుకున్న పాత వేర్లు గోధుమరంగులో అలాగే ఉన్నాయి. చుట్టూ ఉన్న తోట మట్టిలోకి ఒక్క తెల్లటి వేరు కూడా దూరలేదు. అంటే ఆ మొక్క పేరుకి నేలలో ఉంది గానీ ఇంకా కప్పులోనే బతుకుతోంది. పైగా ఇంట్లో కప్పుకి ఉన్న వెచ్చదనం ఇప్పుడు దానికి లేదు.

ఊదా రంగు చూడగానే చాలామంది భాస్వరం లోపం అంటారు. ఆ మాట సగమే నిజం. మట్టిలో భాస్వరం ఉంది, చల్లటి నేలలో వేరు దాన్ని అందుకోలేకపోతోంది. భాస్వరం నేలలో తనంతట తాను పెద్దగా కదలదు, వేరు తానే దాని దగ్గరికి వెళ్లాలి. వేరు పెరగడం ఆగిపోతే ఎరువు ఎంత వేసినా అందదు. ఆకు తయారుచేసుకున్న చక్కెర కూడా ఖర్చు కాక పేరుకుంటుంది, ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం ఏర్పడుతుంది, ఆకు ఊదాగా మారుతుంది. నేల వేడెక్కితే కొత్తగా వచ్చే ఆకులు మామూలు రంగులోనే వస్తాయి. అందుకే ఇలాంటప్పుడు భాస్వరం ఉన్న డీఏపీ ఎరువు సంచి వైపు చూడకండి అని చెప్తాను.

వాడిపోవడం కూడా చలి పనే. నేల చల్లబడితే వేరు నీళ్లు తీసుకునే వేగం పడిపోతుంది. పైన ఎండకి ఆకు మాత్రం నీళ్లు వదులుతూనే ఉంటుంది. కింద రాక తక్కువ, పైన పోక ఎక్కువ. అక్కడ ఇంకా నీళ్లు పోస్తే మట్టి మరింత చల్లబడుతుంది, వేళ్లకి గాలి ఆడదు, కుళ్లు మొదలవుతుంది.

మంచు పడకపోతే చాలా?

అంకుల్ పట్టుబట్టింది ఇక్కడే. "మంచు పడలేదు కదా మరి?" నిజమే, పడలేదు. కానీ టమాటకి ప్రమాదం సున్నా డిగ్రీల దగ్గర మొదలవదు. దక్షిణ అమెరికా పడమటి వైపు ఆండీస్ ప్రాంతం నుంచి వచ్చిన మొక్క ఇది. మనం తోటల్లో వేసే రకాలకి 10, 12 డిగ్రీల కింద పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. అదే చలి రోజుల తరబడి ఉంటే కణాల పొరలు దెబ్బతింటాయి. చలి రాత్రి గడిచాక మర్నాడు ఎండ ఎంత బాగున్నా ఆకు ఆహారం తయారుచేసుకునే వేగం తగ్గే ఉంటుంది. కాబట్టి మధ్యాహ్నం 18 డిగ్రీలు ఉందని సంబరపడటంలో అర్థం లేదు. రాత్రి పోయింది పగలు పూర్తిగా తిరిగి రాదు.

క్యాబేజీ, ఉల్లి నారుకి చలిని కొంచెం కొంచెంగా అలవాటు చేస్తే గడ్డకట్టే చలిని కూడా తట్టుకుంటాయి. టమాటకి ఆ శక్తి లేదు. బయటి గాలికీ ఎండకీ గట్టిపడుతుంది, మామూలు చల్లదనాన్ని కాస్త మెరుగ్గా భరిస్తుంది, అంతవరకే. మంచుని తట్టుకోవడం మాత్రం దానికి ఎంత నేర్పినా రాదు. "మొక్కకి కొంచెం కష్టం అలవాటు కావాలి" అనే పెద్దలతో నాకు ఈ విషయంలో పేచీ ఉంది.

ఇంకో నష్టం వెంటనే కంటికి కనపడదు. పువ్వు విచ్చుకోవడానికి రెండు మూడు వారాల ముందే దాని భాగాలు మొగ్గలో లోపల తయారవుతుంటాయి. ఆ సమయంలో చలి పట్టేస్తే అండాశయం వంకరగా ఏర్పడుతుంది. కాయ అడుగున మచ్చలు, చీలికలు, ముడతలతో వస్తుంది, క్యాట్‌ఫేసింగ్ అంటారు దాన్ని. పూత సమయంలో రాత్రులు 13 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే పుప్పొడి సరిగా పనిచేయక పూత రాలిపోతుంది. తొందరపడి నాటినవాళ్లు "నాది అందరికన్నా ముందు పూసింది" అంటారు. పూసిందా అని కాదు, పిందె పట్టిందా అని అడగాలి.

మధ్యాహ్నం థర్మామీటరు, పొద్దున్న థర్మామీటరు

అంకుల్ పద్ధతి గల మనిషి. నేను చెప్పకముందే మట్టి థర్మామీటరు కొన్నారు. పల్లపు మడిలో 16 డిగ్రీలు చూపించిందని కాగితం మీద రాసి పెట్టారు. ఎప్పుడు చూశారని అడిగితే మధ్యాహ్నం మూడింటికి. ఎంత లోతులో అంటే వేలెడు కూడా లేదు. ఎండ పడే వేళ పైన రెండు అంగుళాల మట్టి ఇట్టే వేడెక్కుతుంది, రాత్రికి అంతే త్వరగా చల్లబడుతుంది. వేళ్లు ఉండేది దాని కింద.

మర్నాడు పొద్దున్న ఏడింటికి, 10 సెంటీమీటర్ల లోతులో ఇద్దరం కలిసి చూశాం. పల్లపు మడి 9. ఎత్తు మడి 12 దాటింది. ఒకే పెరడు, నడిచి వెళ్తే పది అడుగులు, మూడు డిగ్రీల తేడా. అంకుల్ ముఖంలో అప్పుడు కనిపించిన ఆశ్చర్యం నాకు చాలా పని తగ్గించింది, ఆ తర్వాత ఎర్ర సున్నా ప్రస్తావన రాలేదు.

తేడాకి కారణాలు కళ్ల ముందే ఉన్నాయి. నీళ్లని వేడి చేయడానికి చాలా వేడి కావాలి. తడి బంకమట్టి నెమ్మదిగా వేడెక్కేది అందుకే. ఎత్తు మడిలో నీరు నిలవదు, పక్క గోడలకి కూడా ఎండ తగులుతుంది. పల్లపు మడి మీద ఉన్న ఎండుగడ్డి ఎండని మట్టి దాకా రానివ్వడం లేదు. గడ్డి కప్పు వేసవిలో మంచి పని, వసంతం మొదట్లో అది నేలని చల్లగా పట్టి ఉంచుతుంది. దీనికి తోడు రాత్రి చల్లగాలి బరువుగా ఉండి వాలు వెంట జారి అక్కడే చేరుతుంది.

నేను పెట్టిన షరతులు ఇవీ. పొద్దున్న, 10 సెంటీమీటర్ల లోతులో నేల 15 డిగ్రీలకి రావాలి, వరసగా మూడు నాలుగు రోజులు అక్కడ నిలవాలి. వచ్చే వారం సూచనలో రాత్రి కనిష్ఠం 10కి తగ్గకూడదు. మొక్క బయటి ఎండకీ గాలికీ అలవాటు పడి ఉండాలి. కప్పులు, షీట్లు పెట్టుకుని రోజూ చూసుకునే ఓపిక ఉంటే నేల 13, 14 దగ్గర, రాత్రులు 8 దగ్గర ఉన్నా ధైర్యం చేయొచ్చు. అంతకన్నా తగ్గించి మాట్లాడను.

సగటు చివరి మంచు తేదీ గురించి కూడా ఒక మాట. మామూలుగా ఆ తేదీ లెక్క ఎలాంటిదంటే, సుమారు సగం ఏళ్లలో చివరి మంచు దానికి ముందే పడి ఉంటుంది, మిగతా సగం ఏళ్లలో దాని తర్వాత పడుతుంది. ఆ రోజు దాటగానే ప్రమాదం పోయిందని కాదు, ఇంకా సగానికి సగం మిగిలే ఉందని. పైగా అది గాలి లెక్క. నేల గురించి ఆ తేదీ ఏమీ చెప్పదు.

ఆగిన రోజుల్లో చేసిన పని

ఆగమని చెప్పి వెళ్లిపోతే ఆంటీ మాటే నిజమయ్యేది. ఆ కప్పుల్లో ఇంకో రెండు వారాలంటే వేర్లు పూర్తిగా చుట్టుకుపోయి, కింది ఆకులు పసుపెక్కి, నాటాక కూడా చాలా రోజులు కోలుకోని మొక్కలు మిగులుతాయి. ముదిరిన నారు కూడా నష్టమే. అందుకే ముందు చేసిన పని కుండీ మార్చడం.

కప్పుకి రెట్టింపు సైజు కుండీలు తీసుకున్నాం. అడుగున చుట్టుకున్న వేర్లని వేళ్లతో కాస్త విడదీశాం. కింది రెండు ఆకులు తుంచి, కాండం అంతవరకు కొత్త మట్టిలోకి దించాం. టమాట కాండం మట్టిలో ఉంటే దాని నుంచి కూడా వేళ్లు వస్తాయి, సన్నగా సాగిన నారుకి ఇంతకన్నా మంచి మందు లేదు. బాగా ఇరుకులో ఉన్న మొక్కలకి పూలగుత్తి గిల్లేశాను. ఆంటీకి అది నచ్చలేదు, "మొదటి కాపు తుంచేస్తావేంటమ్మా" అన్నారు. గట్టిగా ఉన్న రెండు మొక్కలకి మాత్రం ఆవిడ మాట కోసం వదిలేశాను.

తర్వాత మొక్కల్ని వంటింటి కిటికీ నుంచి చల్లగా ఉండే ముందు గదికి మార్చాం. రాత్రి 14, 15 డిగ్రీల దగ్గర, తల మీద నుంచి ఎల్‌ఈడీ లైటు, రోజుకి 14 గంటలు. వెచ్చగా ఉండి వెలుతురు తక్కువైతేనే నారు సాగేది. నీళ్లు మట్టి పైపొర ఆరాకే, నత్రజని ఎక్కువున్న ఎరువు అసలు లేదు. రోజుకి రెండుసార్లు చిగుళ్ల మీద అరచేత్తో మెల్లగా నిమరమని ఆంటీకి చెప్పాను. చాదస్తంలా వినపడుతుంది గానీ, ఇలా కదిలించిన నారు పొట్టిగా గట్టిగా పెరుగుతుందన్నది పరిశోధకులు చాలాకాలం నుంచి చూస్తున్న విషయమే. చిన్న ఫ్యాను పెట్టినా అదే పని. ఆంటీ ఫ్యాను వద్దన్నారు, నిమరడమే చేశారు.

నారు గట్టిపరచడం దగ్గర జనం చేసే తొందర ఎక్కువ. మొదటి రోజు చెట్టు నీడలో, గాలి తగలని చోట గంటా రెండు గంటలు. తర్వాత రోజుకో గంట పెంచుతూ, పొద్దుటి ఎండ కొంచెం, ఆ తర్వాత మధ్యాహ్నపు ఎండ. వారం నుంచి పది రోజులు పడుతుంది. గాజు వెనక పెరిగిన ఆకుకి బయటి ఎండ కొత్త. ఒక్కసారిగా పెడితే ఆకుల మీద తెల్లగా కాగితంలా మచ్చలు పడతాయి. చూసినవాళ్లు తెగులనుకుని మందు కొడతారు. అది ఎండదెబ్బ, ఆ ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్త ఆకులు వస్తే సరిపోతుంది. గాలి 10 డిగ్రీలు దాటాకే బయటికి, సాయంత్రం మళ్లీ లోపలికి. మబ్బు పట్టి చల్లగాలి వీచిన రోజు అసలు తీయలేదు.

మడుల్లో పని వేరే సాగింది. ముందు ఎండుగడ్డి మొత్తం పక్కకి లాగేశాం. ఎత్తు మడి మీద నల్లటి మల్చింగ్ షీటు (నేల మీద పరిచే ప్లాస్టిక్ షీటు), మట్టికి గట్టిగా ఆనేలా, అంచులు మట్టిలో పూడ్చి. నల్ల షీటు మట్టిని తాకకుండా పైన తేలుతూ ఉంటే వేడి మట్టిలోకి దిగదు, గాలికి పోతుంది. పారదర్శకంగా ఉండే షీటు ఇంకా ఎక్కువ వేడి చేస్తుంది, కాకపోతే కింద కలుపు కూడా అంతే ఉత్సాహంగా వస్తుంది. పల్లపు మడికి ముందు పారదర్శక షీటు పరిచి, మొలిచిన కలుపుని నాటేముందు గీకేశాం. షీట్లు వేసిన వారానికి ఎత్తు మడి పొద్దున్న 15 చూపించింది. పల్లపు మడి 12 దగ్గరే తచ్చాడుతోంది.

మబ్బు లేని ఆ రాత్రి

ఎత్తు మడిలో నాటేద్దాం అనుకునే సమయానికి సూచనలో ఒక రాత్రి 3 డిగ్రీలు అని కనపడింది. అంకుల్ 3 అంటే సున్నా కాదు కదా అన్నారు, అదీ నిజమే. కానీ ఆకాశం నిర్మలం, గాలి లేదు, సాయంత్రానికే గాలిలో తేమ తక్కువగా ఉంది. ఈ మూడూ కలిస్తే నేల, ఆకులు తమ వేడిని ఆకాశంలోకి వదిలేస్తాయి. సూచనలో చెప్పే ఉష్ణోగ్రత మనిషి ఎత్తున నీడలో పెట్టిన థర్మామీటరుది. నేల దగ్గర, ఆకు మీద అంతకన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండటం మామూలే. మబ్బుంటే ఆ వేడి తిరిగి కిందికి వస్తుంది, గాలి వీస్తే పైనున్న వెచ్చటి గాలి కిందికి కలుస్తుంది. ఆ రాత్రికి రెండూ లేవు.

నాటడం వాయిదా వేశాం. ట్రేలన్నీ లోపలికి వెళ్లాయి. పల్లపు మడిలో మిగిలిన మూడు మొక్కల్ని పరీక్షగా అక్కడే ఉంచుదామని అంకులే అన్నారు. ఒకదాని మీద పొద్దు వాలకముందే బకెట్ బోర్లించాం. రెండోదానికి కర్రలు పాతి తెల్లటి క్రాప్ కవర్ (మొక్కల మీద కప్పే గుడ్డ) వేసి, అంచులు నేల దాకా దించి రాళ్లు పెట్టాం. మూడోది రాతి మెట్టుకి ఆనుకుని ఉంది, దాన్ని అలాగే వదిలేశాం. కప్పడం సాయంత్రమే చేయాలి. పగలు నేల పట్టుకున్న వేడి కప్పు కింద నిలవాలి కదా, రాత్రి పదింటికి కప్పితే నిలబెట్టడానికి వేడే ఉండదు.

పొద్దున్న వెళ్లేసరికి వాలు అడుగున గడ్డి తెల్లగా ఉంది. మెట్ల దగ్గర తడి తప్ప ఏమీ లేదు. బకెట్ కింద మొక్క బాగానే ఉంది. క్రాప్ కవర్ కింద మొక్కలో గుడ్డకి ఆనిన రెండు ఆకులు ఉడికినట్టు నీరుపట్టి, మధ్యాహ్నానికి నల్లబడ్డాయి, మిగతా మొక్క క్షేమం. అసలు కప్పని మొక్కకి, రాతి వైపు ఉన్న సగం బతికింది, బయటి వైపు సగం మాడింది. పగలంతా ఎండ పట్టిన రాయి రాత్రి వదిలిన వేడి దానికి సాయం చేసింది. నీళ్లు నింపిన సీసాలు మొక్క చుట్టూ పెట్టడం కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది.

పల్చటి క్రాప్ కవర్ ఇచ్చే రక్షణ ఒకటి రెండు డిగ్రీలే, మందంగా ఉన్నదైతే ఇంకొంచెం. దానితో గడ్డకట్టే రాత్రి దాటుతామనుకోవద్దు. బకెట్ లాంటివి, ప్లాస్టిక్ గుడారాలు పొద్దున్నే తీసేయాలి. ఎండెక్కాక ప్లాస్టిక్ కింద 35 డిగ్రీలు దాటడానికి ఎంతో సేపు పట్టదు. చలికి బతికిన మొక్క పగటి వేడికి ఉడికిపోవడం నేను చాలా తోటల్లో చూశాను. అలాగే మాడిన ఆకుల్ని ఆ పొద్దునే కత్తిరించవద్దని చెప్పాను. నాలుగైదు రోజులు ఆగితే ఎక్కడిదాకా బతికుందో, ఏ కణుపు నుంచి కొమ్మ వస్తుందో మొక్కే చూపిస్తుంది.

నాటిన వరస

అన్నీ ఒకే రోజు నాటలేదు. ఇది నా పట్టుదల. ఎంత మంచి సూచన ఉన్నా నారులో మూడో వంతు వెనక్కి ఉంచుకుంటాను. సూచన తప్పితే మళ్లీ విత్తనం వేసే సమయం ఉండదు.

మొదట ఎత్తు మడి. రాత్రులు 9, 10కి చేరాక, మబ్బుగా ఉన్న ఒక సాయంత్రం నాటాం. షీటుకి కోత పెట్టి, లోతు గుంట కాకుండా పొడుగ్గా, లోతు తక్కువగా కాలువ తీసి, మొక్కని ఏటవాలుగా పడుకోబెట్టి, పై చిగురు మాత్రం బయటికి ఉంచాం. వెచ్చటి నేలలో నిలువుగా లోతుగా పాతడం మంచిదే. చల్లటి నేలలో లోతుకి పోయేకొద్దీ ఇంకా చల్లన, అందుకని వేరుముద్దని వెచ్చగా ఉండే పైపొరలోనే ఉంచాలి. కుళాయి నీళ్లు నేరుగా పోయలేదు. పొద్దున్న బకెట్లలో పట్టి ఎండలో పెట్టిన నీళ్లు వాడాం. పైన కర్రల మీద క్రాప్ కవర్, ఈసారి ఆకులకి తగలకుండా.

మెట్ల దగ్గర కుండీలు ఆ తర్వాత. కుండీ మట్టి పగలు త్వరగా వేడెక్కుతుంది, రాత్రి అంతే త్వరగా చల్లబడుతుంది, ఎత్తి లోపల పెట్టుకునే వీలుండటం ఒక్కటే దాని సుఖం. పల్లపు మడి చివర. అది 15కి వచ్చేసరికి ఎత్తు మడి మొక్కలకి కొత్త ఆకులు రెండు వరసలు వచ్చేశాయి. ఆంటీ ఓపికకి పరీక్షే అయింది. "ఆ మడి ఈ ఏడాది వదిలేద్దామా" అని కూడా అన్నారు. వదల్లేదు.

ఏ మొక్క ఎలా కాసింది

మొట్టమొదట పండింది ఎత్తు మడిలో, షీటూ కవరూ రెండూ ఉన్న పొట్టి రకం మొక్కకి. పల్లపు మడిలో ముందే నాటిన పాత మొక్కలకీ, అదే మడిలో చాలా రోజుల తర్వాత నాటిన కొత్త వాటికీ మధ్య తేడా జూన్ కల్లా పోయింది, ఆ తర్వాత కొత్తవే ఎత్తు పెరిగాయి. పాత మొక్కల్లో బకెట్ కింద నిలిచినదాన్ని తవ్వి చూస్తే వేళ్లు చాలాకాలం కప్పు ఆకారంలోనే ఉండి తర్వాతెప్పుడో బయటికి పాకిన గుర్తులున్నాయి. దాని మొదటి గుత్తిలో కాయలు అడుగున చీలికలు, గోధుమరంగు గీతలతో వంకరటింకరగా వచ్చాయి. రెండో గుత్తి నుంచి గుండ్రంగా, మామూలుగా. రాతి మెట్టు పక్కన సగం మాడిన మొక్క మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. కింది కణుపు నుంచి వచ్చిన కొమ్మే ప్రధాన కాండంలా సాగి, ఆ మడిలో ఎక్కువగా కాసిన వాటిలో ఒకటైంది. ఒక్క మొక్కని చూసి సూత్రం చెప్పలేను గానీ, రాయి పక్కన నేల వెచ్చగా ఉండటం వల్ల అని నా ఊహ.

పూలగుత్తి గిల్లని రెండు మొక్కల సంగతి ఆంటీ తప్పకుండా అడుగుతారని తెలుసు కాబట్టి రాసి పెట్టుకున్నాను. వాటికి మొదటి గుత్తిలో రెండేసి కాయలు నిలిచాయి, చిన్నవి. గిల్లిన వాటికన్నా కొద్ది రోజులు ముందు పండాయి, ఆ తర్వాతి గుత్తులు మాత్రం గిల్లిన వాటికే బరువుగా వచ్చాయి. ఆవిడ ఆ రెండు చిన్న కాయల్నే లెక్కలోకి తీసుకున్నారు.

ఇలాంటి వసంతం తరచుగా వచ్చే చోట రకం ఎంపికే సగం పని చేసిపెడుతుంది. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన ఒరెగాన్ స్ప్రింగ్ లాంటి రకాలు, రాత్రులు చల్లగా ఉన్నా పరాగసంపర్కం సరిగా జరగకుండానే గింజలు తక్కువున్న కాయలు కడతాయి. వేసవి మరీ చిన్నదైన చోట ముందుగా కాసే పొట్టి రకం కొన్ని, ఎగబాకే రకం కొన్ని కలిపి వేయమంటాను. ఏ రకమైనా నేల చల్లగా ఉంటే వేరు కదలదు, ఆ విషయంలో ఏ విత్తనానికీ మినహాయింపు లేదు.

వచ్చే ఏడాదికి ఇద్దరికీ చెప్పినవి మూడే. విత్తనం ఇప్పటికన్నా రెండు వారాలు ఆలస్యంగా వేయాలి, ఆరు వారాల గట్టి నారు ఎనిమిది వారాల ముదురు నారుని సులభంగా దాటిపోతుంది. పల్లపు మడి మీద గడ్డి కప్పు చలికాలం పోగానే తీసేసి, జూన్‌లో నేల బాగా వేడెక్కాక మళ్లీ పరచాలి. మొదటి గుత్తిలో వంకర కాయలు గోలీ సైజులో ఉండగానే తుంచేయాలి, అవి పండేదాకా ఉంచితే మొక్క బలం అటే పోతుంది. మూడోదానికి ఆంటీ ఇంకా ఒప్పుకోలేదు.